సంతకానికి తొందరేం లేదు తల్లీ

అమ్మాయ్,

వచ్చే వారం ఊరు వెళ్తున్నానన్నావు. వెళ్ళు. అమ్మ దగ్గర నాలుగు రోజులుండు. మీ అన్న రిజిస్ట్రారాఫీసుకు పోదాం పదమంటే మాత్రం, ఈసారికి వద్దులే అన్నయ్యా అని మెల్లగా చెప్పు. పోట్లాడక్కర్లేదు. ఎందుకని అడిగితే, మావయ్య ముందు కాగితం చూస్తానన్నాడని నెపం నా మీదకు నెట్టెయ్యి. మేనమామలు ఉన్నదే అందుకు.

నాన్న పోయాక ఆయన పాసుపుస్తకం అన్నయ్య పేరుకు మార్చడానికి ఒక సంతకం కావాలట, చిన్న పనేనట అన్నావు ఫోనులో. నువ్వు వాట్సాపులో పంపిన డ్రాఫ్టు తెరిచి చూశాను. పైన హక్కు విడుదల దస్తావేజు అని ఉంది. పాసుపుస్తకంలో పేరు మార్చడానికి అది అక్కర్లేదు తల్లీ. పేరు మార్పిడి తహసీల్దారు ఆఫీసులో అయ్యే పని. వారసులెవరో చూసి, పోయినవారి పేరు తీసి, ఉన్నవాళ్ళ పేర్లు రెవెన్యూ లెక్కల్లో ఎక్కిస్తారు. ఆ ఎక్కింపు వల్ల కొత్తగా హక్కు రాదు, ఉన్న హక్కు పోదు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. విడుదల దస్తావేజు సంగతి వేరు. అది సబ్ రిజిస్ట్రారు ముందు, సాక్షులతో, నీ ఫోటోతో, నీ వేలిముద్రతో జరుగుతుంది. జరిగాక ఆ పొలంలోనూ ఆ ఇంట్లోనూ నీకంటూ ఏమీ మిగలదు.

మీ అన్న నిన్ను మోసం చేస్తున్నాడని నేననను. వాణ్ణి భుజాన వేసుకు తిప్పినవాణ్ణి. ఈ రెండు పనులకూ తేడా వాడికీ తెలియకపోవచ్చు. చెల్లెలి చేతా అమ్మ చేతా విడుదల రాయించుకుంటే ముందుముందు గొడవుండదని ఎవరో చెప్పుంటారు. మా వృత్తిలో అది మామూలు సలహా. కాగితం మీద ఒకే పేరుంటే అప్పిచ్చే బ్యాంకుకు సుఖం, కొనేవాడికి సుఖం. ఆ సుఖం ఎవరి ఖర్చుతో వస్తోందో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

తెనాలిలో దస్తావేజు లేఖరిగా నేను చూసిన ఆడపిల్లల్లో కోర్టులో ఓడి ఆస్తి పోగొట్టుకున్నవాళ్ళు తక్కువ. బస్సు టైమవుతోందన్న తొందరలో, భోజనాల వేళకు ముందు పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. పొద్దున్నే పిల్లాణ్ణి చంకనేసుకుని దిగుతుంది. వదిన టిఫిను పెడుతుంది. అందరూ ఒకే ఆటోలో వస్తారు. కాగితం ఆమెకు చదివి వినిపించేవాడుండడు. పేజీలు తిప్పుతూ, ఇక్కడమ్మా, ఇక్కడమ్మా అని వేలు చూపిస్తారు. విడుదల దస్తావేజుల్లో కొన్ని మాటలు తప్పనిసరిగా ఉంటాయి. ఎవరి బలవంతమూ లేకుండా పూర్తి తెలివితో రాసిచ్చానని ఒకటి. ఇకమీదట నాకు గానీ నా వారసులకు గానీ సదరు ఆస్తిపై ఎట్టి హక్కూ లేదని ఒకటి. ముట్టవలసిన సొమ్ము ముట్టిందని ఒకటి. ఈ చివరిది చాలా దస్తావేజుల్లో అబద్ధం. కానీ అది అబద్ధమని రేపు నిరూపించుకోవాల్సింది సంతకం పెట్టిన మనిషే.

నీ డ్రాఫ్టులో నా కంట్లో పడ్డవి రెండు. పాసుపుస్తకం పనే అయితే పొలం ఒక్కటే ఉండాలి. షెడ్యూల్లో ఇల్లు కూడా ఉంది. రెండోది, హద్దుల కింద చిన్న వాక్యం: ఇందులో చేరని ఆస్తులు తరవాత బయటపడినా వాటికీ ఈ విడుదల వర్తిస్తుందట. నాన్నకు ఇంకెక్కడైనా స్థలం ఉందో లేదో నీకు తెలియదు, అమ్మకూ తెలియదు. తెలియనిదాన్ని కూడా వదిలేస్తున్నావన్నమాట. దస్తావేజును చివరి పేజీ నుంచి చదవడం అలవాటు చేసుకో. మొదటి పేజీల నిండా బంధుత్వం, ప్రేమాభిమానాలు ఉంటాయి. సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు ఉండేది షెడ్యూల్లో. అసలు సంగతి అక్కడుంటుంది.

ఇంతకీ వదులుకోమంటున్నది ఎంతో నీకు తెలుసా? ఈ ప్రశ్న అడిగితే చాలామంది ఆడపిల్లలు, ఏదో కొంత ఉంటుందిలే మావయ్యా అంటారు. నీకు లెక్క కట్టి చెబుతాను.

బావగారి, అంటే మీ నాన్న, ఆస్తి రెండు రకాలు. మీ తాతా, పెదనాన్నా, నాన్నా 1978లో ఉమ్మడి ఆస్తి పంచుకుని రిజిస్టరు చేసుకున్నప్పుడు ఆయన వాటాకు వచ్చింది రెండెకరాల పాతిక సెంట్లు. అది పిత్రార్జితం. తరవాత మినుముల డబ్బుతో కొన్న ఎకరన్నరా, కట్టించిన ఇల్లూ ఆయన స్వార్జితం. ఆయన వీలునామా రాయలేదని అమ్మ చెప్పింది. రాయలేదు కాబట్టి స్వార్జితం భార్యకూ కొడుక్కూ కూతురికీ సమానం. పొలంలో తలో యాభై సెంట్లు, ఇంట్లో తలో మూడో వంతు. పిత్రార్జితం లెక్క కొంచెం మెలిక. అందులో నీకు పుట్టుకతోనే మీ అన్నతో సమానంగా వాటా ఉంది. నాన్న పోయే ముందు క్షణం పంపకం జరిగిందనుకోమంటుంది చట్టం. మన వైపు పాత మద్రాసు సంప్రదాయంలో ఆ పంపకంలో తల్లికి విడిగా వాటా పెట్టరు. కాబట్టి నాన్నకూ అన్నకూ నీకూ తలో డెబ్భై అయిదు సెంట్లు. నాన్న డెబ్భై అయిదు సెంట్లు మళ్ళీ మీ ముగ్గురికీ పాతికేసి. అంటే అందులో నీకు ఎకరం, అన్నకు ఎకరం, అమ్మకు పాతిక సెంట్లు. మొత్తం పొలంలో నీ వాటా ఎకరన్నర. తెనాలి చుట్టుపక్కల ఎకరన్నర మాగాణి అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. దాన్ని ఏదో కొంత అంటున్నావు.

ఒక మాట పక్కకు పోయి చెబుతాను. తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే అనుకుంటారు మనవాళ్ళు. కాదు. 1956 తరవాత తాత తన సొంత ఆస్తిని వీలునామా లేకుండా వదిలి పోతే, కొడుక్కు వచ్చిన భాగం అతని సొంతమే అవుతుందని 1986లో సుప్రీంకోర్టు చందర్ సేన్ కేసులో తేల్చింది. అలాంటి దానిలో తండ్రి బతికుండగా మనవడికైనా మనవరాలికైనా పుట్టుకతో వాటా లేదు. అందుకే తాతల ఆస్తి అనగానే సరిపోదు. అది ఎప్పుడు, ఏ దస్తావేజు మీద చేతులు మారిందో పాత కాగితం చూడాలి. నీ విషయంలో 1978 భాగపత్రం ఉంది గనక పేచీ లేదు. దాని సర్టిఫైడ్ కాపీ తీయించి నీ దగ్గర పెట్టుకో.

ఈ ఎకరం నీకు ఊరికే రాలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి సొంత ఆస్తిలో చోటిచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూర్చోబెట్టలేదు. మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆ పని చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. కానీ మన సవరణలో ఒక గీత ఉంది. ఆ తేదీ నాటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించదు. మీ మేనత్త పెళ్ళి 1974లో అయింది. ఆమె గీతకు అవతల ఉండిపోయింది. తరవాత 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చి పెళ్ళి షరతు తీసేసింది. అయితే అదీ అప్పటికే తెగిపోయిన పంపకాల జోలికి పోలేదు. బిల్లు రాజ్యసభలో పెట్టిన 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగపత్రాలు, కోర్టు డిక్రీలు అలాగే నిలుస్తాయంది. 1978 దస్తావేజు ఆమె ముఖం మీద అలా తలుపు వేసేసింది.

ఆమె కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కూడా కాదు. 1978లో మీ తాత తనకంటూ ఒక వాటా ఉంచుకున్నాడు కదా. ఆయన వీలునామా రాయకుండా పోయాడు. ఆ వాటాలో కొడుకులతో సమానంగా మేనత్తకూ హక్కుంది, 1956 నుంచీ ఉన్న హక్కే. అది ఆయన్ను చూసుకున్న మీ పెదనాన్న దగ్గరే ఉండిపోయింది. ఆమెను ఎవరూ సంతకం అడగలేదు, ఆమె కూడా ఎవరినీ వాటా అడగలేదు. ఏటా సంక్రాంతికి చీర పెట్టారు, కట్టుకుంది. ఒక వారసుడి చేతిలో ఆస్తి ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే అని చట్టం మొదట అనుకుంటుంది. కానీ నీకిందులో ఏమీ లేదు పొమ్మని బాహాటంగా చెప్పాక పన్నెండేళ్ళు ఊరుకుంటే, తరవాత దావా వేసినా కాలదోషం అడ్డొస్తుంది. సంతకం పెట్టకుండా కూడా హక్కు పోతుందని అందుకే చెబుతున్నాను. నువ్వు ఇప్పుడు వద్దు అని ఊరుకుంటే చాలదు. పాసుపుస్తకం మార్పిడికి అర్జీ పెట్టేటప్పుడు ముగ్గురి పేర్లూ ఎక్కించమను. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టులో నీ పేరుందో లేదో స్వయంగా చూసుకో. పెళ్ళయిన కూతురి పేరు మరిచిపోవడం మనవాళ్ళకు చాలా సులువు.

ఊళ్ళో ఎవరో ఒక పెద్దమనిషి, తండ్రి 2005 నాటికి బతికుంటేనే కూతురికి వాటా అంటాడు. మీ నాన్న మొన్న మొన్నటిదాకా ఉన్నాడు గనక నీకు ఆ బెడదే లేదు. ఆ మాట కూడా పాతబడింది. 2015లో ఒక తీర్పు అలా అంది, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి ఎప్పుడు పోయాడన్నది లెక్కలోకి రాదంది. నోటిమాట పంపకాన్ని, పాత తేదీ వేసిన తెల్లకాగితాన్ని తేలిగ్గా నమ్మకూడదని కూడా అందులోనే చెప్పింది. అంతకు ముందే, 2011లో, గండూరి కోటేశ్వరమ్మ అని మన ఆంధ్ర నుంచే వెళ్ళిన కేసులో, భాగాల దావాలో ప్రాథమిక డిక్రీ అయిపోయినా ఫైనల్ డిక్రీ రానంతవరకు కూతుళ్ళ వాటా కలిపి సరిదిద్దాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. చివరిదాకా పట్టు వదలని ఆడపడుచులు మన దగ్గరా ఉన్నారు.

పెళ్ళికి ఖర్చు పెట్టాం, కట్నమిచ్చాం, ఇంకా వాటా ఏమిటి అని మీ వదిన అన్నదన్నావు. అనకుండా ఎలా ఉంటుంది, ఆమె పుట్టింట్లో ఆమెకూ ఇదే మాట చెప్పి ఉంటారు. పెళ్ళి ఖర్చు వాటాకు చెల్లు కాదు. పసుపు కుంకుమ కింద పొలం ఏదైనా నీ పేర రాసి ఉంటే పంపకంలో దాని సంగతి మాట్లాడుకోవచ్చు. నీకు రాసిందేమీ లేదు.

చట్టం తనంతట తాను వారసుణ్ణి తోసేసే సందర్భాలు బహు తక్కువ. ఎవరి ఆస్తి రావాలో వాళ్ళను చంపినవాడికి, చంపించినవాడికి ఆ ఆస్తి రాదు. న్యాయమే. మతం మారినా మనిషి హక్కు పోదని 1850 నాటి చట్టమే చెప్పింది. మారాక పుట్టిన పిల్లలకే, వాళ్ళు హిందువులుగా లేకపోతే, చిక్కు. జబ్బు, అంగవైకల్యం అడ్డు కాదు. కులం కాని పెళ్ళి అడ్డు కాదు. పేపర్లో అప్పుడప్పుడు ప్రకటనలు చూస్తుంటావు కదా, ఫలానా మా అమ్మాయి మా మాట వినకుండా పెళ్ళి చేసుకున్నందున ఆమెకు మాతో గానీ మా ఆస్తితో గానీ సంబంధం లేదు అని. ఆ ప్రకటన డబ్బులు పేపరువాడికి లాభం. పిత్రార్జితంలో ఆ పిల్ల వాటా అందులోని ఒక్క అక్షరంతోనూ తగ్గదు. తన సొంత ఆస్తి ఆమెకు వెళ్ళకూడదనుకుంటే ఆ తండ్రి వీలునామా రాసుకోవాలి.

విధవల సంగతి ఒకప్పుడు ఇంకా ఘోరం. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించాడని పిల్లలకు పాఠం చెబుతాం. అలాంటి పెళ్ళిని చెల్లుబాటు చేసిన 1856 చట్టమే, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు వదులుకోవాలని కూడా రాసింది. ఆ సంగతి పాఠంలో ఉండదు. ఇప్పుడా కట్టుబాటు లేదు. భర్త వాటా వచ్చాక మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆ వాటా ఆమెదే.

చట్టం ఇన్నిసార్లు మారి ఇంత చేసినా, ఈ కాగితం మీద నీ సంతకం ఒక్కటి పడితే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

పెళ్ళికి ముందు నాన్న నీ చేత ఏదైనా రాయించుకున్నాడేమో గుర్తు తెచ్చుకో. తండ్రి బతికుండగా, ఆయన సొంత ఆస్తిలో రాబోయే వాటా నాకక్కర్లేదని కూతురు రాసిచ్చినా మామూలుగా చెల్లదు. లేని హక్కును వదలడం కుదరదు. అయితే దానికి బదులు డబ్బు పుచ్చుకుని, ఆ నమ్మకంతో ఇంట్లో మిగతావాళ్ళు ఏర్పాట్లు చేసుకున్నాక, నాకు వాటా కావాలంటే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. 1972లోనే సుప్రీంకోర్టు అలా చెప్పిన కేసుంది. పిత్రార్జితంలో అయితే హక్కు అప్పటికే ఉంది గనక, నాన్న ఉండగా రాసిన విడుదలైనా నీ మీద పనిచేస్తుంది.

ఇంట్లో కూర్చుని సంతకం పెట్టిచ్చి వెళ్ళు, రిజిస్ట్రేషను తరవాత చూసుకుందాం అంటే అస్సలు వద్దు. రాసిన దస్తావేజును నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవచ్చు. సబ్ రిజిస్ట్రారు నిన్ను పిలిచి, ఇది నువ్వు రాసిచ్చిందేనా అని అడుగుతాడు. ఒప్పుకోకపోతే ఆ బల్ల దగ్గర ఆగుతుంది గానీ, అవతలివాళ్ళు జిల్లా రిజిస్ట్రారు దగ్గరకు పోతే విచారణలో సంతకం నీదేనని తేలుతుంది. పెట్టక ముందు ఆగడానికి ఒక్క మాట చాలు. పెట్టాక ఆపడానికి ప్లీడరు కావాలి. రిజిస్టరైపోయాక నువ్వొక్కదానివీ వెళ్ళి రద్దు దస్తావేజు రాసి పారేస్తే చెల్లదు. మోసం జరిగిందని తెలిసిన మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకెక్కి, చదువుకున్న అమ్మాయివి చదవకుండా ఎలా పెట్టావమ్మా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

ఇక తెల్లకాగితం. స్టాంపు లేదు, రిజిస్ట్రేషను లేదు, ఊరికే మన మధ్య ఉండటానికే అంటారు. ఫలానా రోజున నోటిమాటగా పంచుకున్నాం, ఎవరికి రావలసింది వారికి వచ్చింది, జ్ఞాపకార్థం ఇది రాసుకున్నాం అని అందులో ఉంటే, కుటుంబ ఒప్పందానికి గుర్తుగా కోర్టు దాన్ని చూడొచ్చు. జరగని పంపకం జరిగిందని రాయకు.

ఇప్పుడు నువ్వు నాతో అననిది, నేను విన్నది. వాటా అడిగితే పుట్టిల్లు ఉండదేమోనని నీ భయం. ఏం కాదని నేను అబద్ధం చెప్పను. కొన్నాళ్ళు మాటలుండకపోవచ్చు. పండక్కి పిలుపు ఆలస్యంగా రావచ్చు. కానీ సంతకం పెట్టినవాళ్ళ పుట్టింటి గడప కూడా నేను చూశాను తల్లీ. అమ్మ ఉన్నన్నాళ్ళు బాగానే ఉంటుంది, తరవాత చుట్టాల్లో చుట్టం. నిన్ను ఏటా పిలుస్తామన్న హామీ ఏ విడుదల దస్తావేజులోనూ రాయరు.

అయినా నీ మనసులో అన్నకే ఇవ్వాలనుంటే ఇవ్వు. నేను కాదనను. ఏళ్ళ తరబడి కాలవ నీళ్ళకు కాపలా కాసిందీ, నాన్న మంచాన పడ్డప్పుడు ఎత్తి దించిందీ వాడే. ఆ కష్టానికి విలువ ఉంది. ఇచ్చేదేదో ఎంత ఇస్తున్నావో నీకు తెలిసి ఇవ్వు, వాడికీ తెలియాలి. ముందు ముగ్గురూ భాగపరిష్కార దస్తావేజు రాసుకోండి, ఎవరి సెంట్లు వాళ్ళకు పడనీ. ఆ తరవాత నీ వాటాలో ఎంత ఇవ్వదలుచుకున్నావో అంత దాన సెటిల్మెంటుగా నువ్వే రాసివ్వు. ఎకరం ఇచ్చి అరెకరం ఉంచుకుంటావో, పొలమంతా ఇచ్చి ఇంట్లో గది ఉంచుకుంటావో నీ ఇష్టం. డబ్బు తీసుకుని వదిలేట్టయితే ఆ డబ్బు బ్యాంకులో పడ్డాకే సంతకం, ఆ అంకె దస్తావేజులో అక్షరాలా ఉండాలి.

ఏమీ తేల్చకుండా ఉమ్మడిగానే ఉంచినా తప్పు లేదు. వాడు సాగు చేసుకుంటాడు, నీకూ అమ్మకూ కౌలు ఇస్తాడు. పంట రుణానికి ఇబ్బంది అంటే కౌలు కార్డు ఉంది, 2019 చట్టం కింద మీరిద్దరూ ఒప్పుకుంటే ఇస్తారు. రేపు నువ్వు పరాయివాళ్ళకు అమ్మేస్తావేమోనని వాడికి బెంగ ఉండొచ్చు. నాన్న నుంచి వారసత్వంగా వచ్చిన వాటాను అమ్మదలిస్తే ముందు తోటి వారసులకే ఇవ్వాలని వారసత్వ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. వ్యవసాయ భూమికి కూడా అది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ముక్క వాడికి చెప్పు, సగం బెంగ తీరుతుంది.

నీకంటే నాకు ఎక్కువ దిగులు మా చెల్లెలి గురించి. ఆ డ్రాఫ్టులో విడుదల రాసిచ్చేవాళ్ళలో నీ పేరు రెండోది, మీ అమ్మ పేరు మొదటిది. డెబ్భై అయిదు సెంట్ల పొలం, ఇంట్లో మూడో వంతు ఆవిడవి. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని సొంత ఆస్తి. నాకెందుకన్నయ్యా ఇప్పుడు, వాడే చూసుకుంటాడు అంటోంది. చూసుకుంటాడనే నేనూ అనుకుంటున్నాను. కానీ మీ అన్నకు ఏదైనా జరిగితే? ఆ ఇల్లు వాడి భార్యాపిల్లలదీ మీ అమ్మదీ కలిసి అవుతుంది, ఆవిడ తన సొంతింట్లో మళ్ళీ లెక్కలు తేల్చుకోవాలి. వాడు అప్పుల్లో పడి ఇల్లు తాకట్టు పెడితే? అందుకని ఆవిడ వాటా ఆవిడ పేరునే ఉండనివ్వండి. తన తరవాత ఎవరికి వెళ్ళాలో వీలునామా రాసుకోమను, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కొడుకు పేర రాస్తేనే తృప్తి అంటే, ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు తనకు ఉంచుకున్నట్టూ, తిండీ వైద్యమూ చూసుకునే షరతు మీదే ఇస్తున్నట్టూ దస్తావేజులోనే రాయించాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. షరతు మీద ఇచ్చి, పిల్లలు చూడకపోతే, అరవై దాటినవాళ్ళు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకుని ఆ బదిలీని చెల్లకుండా చేయించుకోవచ్చు. షరతు ఉందని కనబడాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకొంచెం మెత్తగా, చట్టం ఉద్దేశం చూసి పెద్దవాళ్ళ పక్షాన చదవాలంది. మెత్తని తీర్పును నమ్ముకుని షరతు రాయకుండా వదిలేయకూడదు. కొడుకు మీద అనుమానమా అని ఆవిడ ఏడుస్తుంది. ఆ మాట నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడితే కూతురు నూరిపోసింది అంటారు.

మీ అన్నకు కూడా ఈ ఉత్తరం నకలు పంపిస్తున్నాను, దాపరికం లేదు. వాడికి కోపమొస్తే నాకు ఫోను చేసి తిట్టమను. నువ్వు వచ్చేటప్పుడు నాన్న ఎకరన్నర కొన్న క్రయ దస్తావేజు నంబరు అమ్మనడిగి రాసుకురా, పొలానికీ ఇంటికీ ఈసీలు నేను ఇక్కడ తీయించి ఉంచుతాను. ఆ డ్రాఫ్టు రాసిన కుర్రాడు నాకు తెలిసినవాడే. షెడ్యూలు కింద ఆ చిన్న వాక్యం ఎవరు పెట్టమన్నారో అడుగుతాను. శనివారం మధ్యాహ్నం మీ అన్నను, అమ్మను తీసుకుని మా ఇంటికి భోజనానికి రండి. అత్తయ్య గోంగూర చేస్తానంది. తిన్నాక నలుగురం కూర్చుని, సర్వే నంబర్లు ఒక్కొక్కటిగా చదువుకుందాం.

మీ మావయ్య